పాత రియోహా సీసా తెరిచే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్ నుంచి వచ్చిన బావమరిది తెచ్చిచ్చాడు, లేదా ఎయిర్‌పోర్టులో సీసా బాగుందని మీరే కొన్నారు. మీద 'గ్రాన్ రెసెర్వా' అని ఉంది, 2011 అని ఉంది, చుట్టూ బంగారు రంగు తీగ జాలీ కూడా ఉండొచ్చు. దీన్ని ఏం చేయాలని అడిగేవాళ్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. నేను వైన్ అమ్మేవాణ్ణి కాదు, పరీక్షలు రాసి పట్టా పుచ్చుకున్నవాణ్ణీ కాదు. ఇష్టంగా తాగుతూ, నాలుగైదు మంచి సీసాలు పాడుచేసుకుని నేర్చుకున్నాను. స్పెయిన్‌లో పాత ఎర్ర వైన్లు చాలా చోట్ల ఉన్నా, నాకు బాగా పరిచయమైంది ఉత్తర స్పెయిన్‌లోని రియోహా ప్రాంతం కాబట్టి మాట అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అసలు పేరు ఎలా పలకాలి? రియోజానా, రియోహానా?

రియోహా. స్పానిష్‌లో 'జె' అక్షరాన్ని గొంతులోంచి 'హ' అని పలుకుతారు. 'హెచ్' రాస్తే మాత్రం అసలు పలకరు. అందుకే రియోహాలో వైన్‌కి పేరుమోసిన ఊరిని హారో అనరు, ఆరో అంటారు. అక్కడ ఎర్ర వైన్‌కి ఎక్కువగా వాడే ద్రాక్ష పేరు తెంప్రనీయో. త్వరగా పండుతుంది కాబట్టి ఆ పేరు. స్పానిష్‌లో 'తెంప్రానో' అంటే పెందలాడే అని. తప్పు పలికితే ఎవరూ నవ్వరు, మాద్రిద్‌లో నేను చాలా తప్పులు పలికాను.

క్రియాన్సా, రెసెర్వా, గ్రాన్ రెసెర్వా: తేడా ఏమిటి?

'క్రియాన్సా' అంటే పెంపకం. పిల్లల్ని పెంచడానికి వాడే మాటే. వైన్‌ని పీపాలోనూ సీసాలోనూ ఎంతకాలం పెంచి బయటికి పంపారో ఈ మూడు మాటలూ చెబుతాయి. రియోహా నియమాల ప్రకారం ఎర్ర వైన్ క్రియాన్సా అనిపించుకోవాలంటే రెండేళ్లు ఆగాలి, అందులో కనీసం ఏడాది ఓక్ చెక్క పీపాలో గడపాలి. రెసెర్వాకి మూడేళ్లు: పీపాలో కనీసం ఏడాది, సీసాలో కనీసం ఆరు నెలలు. గ్రాన్ రెసెర్వాకి ఐదేళ్లు: పీపాలో కనీసం రెండు, సీసాలో కనీసం రెండు. పీపా పరిమాణం కూడా నిర్ణయమే, 225 లీటర్లు. అంటే ఒక పీపాకి సరిగ్గా 300 సీసాలు.

సీసా వెనక అతికించే చిన్న ముద్ర రంగు చూసినా తెలిసిపోతుంది. క్రియాన్సాకి ఎరుపు, రెసెర్వాకి ముదురు ఎరుపు, గ్రాన్ రెసెర్వాకి నీలం.

ఇవన్నీ కనీస లెక్కలే. ఆరోలో 1877 నుంచి వైన్ చేస్తున్న లోపెస్ దె ఎరేదియా వాళ్లు 'విన్యా తొందోనియా' రెసెర్వాని ఆరేళ్లు పీపాల్లోనే ఉంచుతారు. చట్టం అడిగింది ఒక్క ఏడాది. ఇంకో సంగతి, 'రిజర్వ్' అనే మాట స్పెయిన్ బయట చాలా చోట్ల లేబుల్ మీద అందం కోసం పెట్టేదే, దానికి ఇంత కచ్చితమైన లెక్క ఉండదు. కాబట్టి సీసా ఏ దేశానిదో చూసుకోండి.

ఈ పీపాల అలవాటు రియోహాకి ఎలా వచ్చింది?

ఫ్రాన్స్‌కి వచ్చిన కష్టం వల్ల చాలావరకు. రియోహా వాళ్లు పూర్వం కూడా వైన్ చేసుకునేవారు, ఏడాదిలోపు తాగేసే రకం. 1850ల్లో లూసియానో మురియేతా, ఆ తర్వాత రిస్కాల్ మార్కీ (మార్కీ అంటే ప్రభువుల బిరుదు) ఫ్రాన్స్‌లోని బోర్దో పద్ధతిలో పీపాల్లో నిలవపెట్టడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఫిలోక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని తినేసింది. సరుకు లేక బోర్దో వ్యాపారులు పిరనీస్ కొండలు దాటి ఇటు వచ్చారు, వస్తూ వస్తూ తమ పీపాల విద్యా పట్టుకొచ్చారు. పీపా 225 లీటర్లే ఎందుకంటే అది బోర్దో కొలత.

అప్పటికే ఆరోకి రైలు వచ్చింది. పీపాలు దొర్లించి బండెక్కిస్తే బిల్బావో రేవుకి చేరిపోతాయి. అందుకే ఆరోలో పెద్ద వైన్ ఇళ్లు చాలావరకు స్టేషన్ చుట్టూ గుంపుగా వెలిశాయి: లోపెస్ దె ఎరేదియా, కూనే, లా రియోహా ఆల్తా, తర్వాతి కాలంలో ముగా. ఆ పేటని ఈ రోజుకీ స్టేషన్ పేట అనే పిలుస్తారు. డబ్బు ఎంత పారిందంటే, స్పెయిన్‌లో వీధుల్లో కరెంటు దీపాలు మొదట వెలిగిన ఊళ్లలో ఆరో ఒకటి, అదీ 1890లో. ఫిలోక్సెరా చివరికి రియోహాకీ వచ్చింది, అయితే ఆలస్యంగా, 1899లో.

ఫ్రాన్స్ వాళ్లు తమ అడవుల ఓక్ వాడితే, రియోహా వాళ్లు అట్లాంటిక్ వ్యాపారంలో చౌకగా దొరికే అమెరికా ఓక్‌కి అలవాటుపడ్డారు. పాత రియోహాలో తగిలే ఎండుకొబ్బరి వాసన అక్కణ్ణుంచి వచ్చిందే. ఇప్పుడు చాలామంది ఫ్రెంచి ఓక్‌కి మారారు. నాకు మాత్రం ఆ కొబ్బరి వాసన లేకపోతే రియోహాలా అనిపించదు.

వైన్ పాతబడితే లోపల ఏం జరుగుతుంది?

ఇది అర్థం కావాలంటే మనకి ఉన్న ఒక మాట చాలు: వగరు. ఇంగ్లీషు వైన్ పుస్తకాల్లో దీనికి ఎక్కువగా 'టానిన్' అని రసాయనం పేరు చెబుతారు. మనకి షడ్రుచుల్లో ఒకటిగా చిన్నప్పుడే తెలుసు. పచ్చి అరటికాయ, నేరేడుపండు, వక్క నమిలినప్పుడు నాలుక బిగుసుకుంటుందే, అదే. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుంటాయి, నోట్లో జారుడుతనం పోతుంది. తోలు పదును పెట్టడానికి తుమ్మ చెక్క, తంగేడు చెక్క వాడేవాళ్లే, అక్కడ పని చేసేదీ ఈ వగరే.

కుర్ర ఎర్ర వైన్‌లో వగరు విడివిడిగా, గరుకుగా ఉంటుంది. పీపా చెక్కలోంచి కొంచెం కొంచెంగా గాలి తగులుతూ ఉంటే టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదానికొకటి అల్లుకుని పెద్దవవుతాయి. కొన్ని బరువెక్కి మడ్డిగా అడుగుకి దిగుతాయి. అందుకే పాత వైన్‌లో రంగు తగ్గుతుంది, నోటికి నున్నబడుతుంది. దోరజామకీ పండుజామకీ ఉన్న తేడా అనుకోండి, పూర్తిగా సరిపోదుగానీ దగ్గరే.

పీపాలో మడ్డి కూర్చుంటే పైనున్న తేటని ఇంకో పీపాలోకి మార్చాలి. లా రియోహా ఆల్తాలో ఇప్పటికీ ఆరు నెలలకోసారి ఈ పని చేతితో, కొవ్వొత్తి వెలుగులో చేస్తారు. గ్లాసులో పోసి వెలుగుకి పెట్టి చూస్తూ, మసక కనిపించగానే ఆపేస్తారు.

అయితే ఎంత పాతదైతే అంత మంచిదా?

కాదు. చాలా ఎర్ర వైన్లు రెండు మూడేళ్లలో తాగేయడానికే చేస్తారు, అట్టేపెడితే నీరుగారిపోతాయి. గ్రాన్ రెసెర్వా మంచి సంవత్సరాల్లోనే ఎక్కువగా చేస్తారు, పదిహేను ఇరవై ఏళ్లు హాయిగా ఉంటుంది. కొన్ని ఇంకా ఎక్కువే. రియోహా నియంత్రణ మండలి ప్రతి పంటకీ ఒక గ్రేడు ఇస్తుంది. 2001, 2004, 2005, 2010, 2011 సంవత్సరాలకి అన్నిటికన్నా పై గ్రేడు వచ్చింది. పాతవాళ్లు 1964 పేరెత్తితే కళ్లు మూసుకుంటారు.

బోర్దో వాళ్లు వైన్‌ని కుర్రదిగానే అమ్మి, దాచుకునే బాధ్యత కొనేవాడికి వదిలేస్తారు. రియోహా వాళ్లు దాచి, పండాకే అమ్ముతారు. గ్రాన్ రెసెర్వా మీ చేతికొచ్చేసరికే తాగడానికి సిద్ధం. బీరువాలో పెట్టి మనవరాలి పెళ్లి దాకా ఆగాలన్న పట్టింపు అక్కర్లేదు.

మన ఎండల్లో ఇంట్లో దాచొచ్చా?

ఏళ్ల తరబడి వద్దు. దానికి 12–14 డిగ్రీలు, చీకటి, కదలకపోవడం కావాలి. మేలో విజయవాడలో వంటింటి అలమరలో ఉన్న సీసా ఒక్క వేసవిలోనే ఉడికిపోతుంది, బెరడు మూత (కార్కు) పైకి పొంగి లోపల్నుంచి కారుతుంది కూడా. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో అడుగున కూరగాయల అరలో పడుకోబెట్టండి. కొన్ని నెలలకి అదే నయం. పడుకోబెట్టేది బెరడు తడిగా ఉండటానికి. ఎండితే కుంచించుకుని గాలి దూరుతుంది.

ఎంత చల్లగా తాగాలి? ఎర్ర వైన్ గది వేడిలో తాగాలంటారు కదా?

ఆ మాట అన్నవాళ్ల గది యూరప్‌లో రాతి ఇంట్లో ఉంది. పాత రియోహాకి 16–18 డిగ్రీలు బాగుంటుంది. హైదరాబాద్‌లో మామూలు రోజుల్లో సీసాని గంటా గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే దాదాపు అక్కడికి వస్తుంది. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐసూ నీళ్లూ కలిపి పది నిమిషాలు ముంచండి. మరీ చల్లబడితే వగరు ఎక్కువై వాసన ముడుచుకుపోతుంది. వేడెక్కితే ఆల్కహాల్ ముక్కుకి గుచ్చుకుంటుంది.

మూత తీస్తుంటే బెరడు విరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కంగారుపడకండి. పదిహేనేళ్లు దాటిన బెరడు చిట్లడం మామూలే. విరిగిన ముక్కలోకి మెలికల మూత తీసేదాన్ని (కార్క్‌స్క్రూ) ఏటవాలుగా దించి మెల్లగా లాగి చూడండి. అదీ కుదరకపోతే లోపలికి నెట్టేసి, శుభ్రమైన పల్చని బట్టలోంచి జగ్గులోకి వంచుకోండి. నేను మొదటిసారి ఇలా అయినప్పుడు టీ వడపోతతో వడకట్టాను, వైన్‌లో నాలుగు రోజుల కిందటి అల్లం టీ వాసన వచ్చింది. అందుకే బట్ట అంటున్నాను.

రెండు పల్చటి రేకులుండే మూత తీసేది ఒకటి దొరుకుతుంది. బెరడుకీ సీసాకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ లాగాలి. పాత సీసాలకి దాన్ని మించింది లేదు.

డికాంటర్‌లో (వెడల్పాటి గాజు కూజాలో) పోసి గంటలు గాలి పట్టించాలా?

పాత వైన్‌కి అలా చేయొద్దు. కుర్ర వైన్‌కి గాలి మేలు చేస్తుంది. ఇరవై ఏళ్లది గాలి తగిలిన గంటలోపే నీరసించొచ్చు. దీనికి డికాంటర్ వాడేది మడ్డి వేరుచేయడానికి. ముందు రోజే సీసాని నిలబెట్టి ఉంచండి. తెరిచాక మెడ కింద ఫోన్ టార్చి పెట్టుకుని, ఆపకుండా ఒకే ధారగా వంచండి. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయండి. సాయంత్రం చారు మీద తేట వంచుకునే చేతికి ఇది నేర్పక్కర్లేదు.

వాసన ముడుచుకుని ఉందనిపిస్తే గ్లాసులోనే పావుగంట ఆగండి. మెల్లగా విచ్చుకోవడం చూడటంలోనే సగం సరదా ఉంది.

రుచి ఎలా చూడాలి? బ్లాక్‌బెర్రీ, సీడర్ అంటారు, నేను అవి ఎప్పుడూ తినలేదు, చూడలేదు.

నేనూ చాలా రోజులు ఇదే అవస్థ పడ్డాను. ఇంగ్లీషు వైన్ పుస్తకాల్లో ఉన్న పండ్లు వాళ్ల పెరట్లో కాసేవి. మీ ముక్కుకి మీ ఇల్లు తెలుసు, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

పెద్ద కడుపున్న గ్లాసు తీసుకుని మూడో వంతుకి మించకుండా పోయండి. తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి. కుర్ర వైన్ అంచు ఊదాగా ఉంటుంది. పాతది ఇటుక రంగు, ఇంకా పాతదైతే పలచటి చింతపండు రసం రంగు. మధ్యలో కూడా అడుగు కనిపించేంత పల్చగా ఉంటే, పాత రియోహాకి అది లోపం కాదు.

మొదటిసారి గ్లాసు తిప్పకుండానే వాసన చూడండి. తర్వాత ఒకసారి తిప్పి మళ్లీ చూడండి. నాకు గ్రాన్ రెసెర్వాలో ఎక్కువగా తగిలేవి ఇవి: ఎండుఖర్జూరం, కిస్‌మిస్, ఎండుకొబ్బరి, లవంగం, దాల్చినచెక్క. ఆ వెనక తాతగారి చుట్టల డబ్బా తెరిచినట్టు పొగాకు. కొత్త చెప్పుల దుకాణంలోకి అడుగుపెట్టినట్టు తోలు. బాగా పాతదైతే తొలకరికి తడిసిన ఆకుల వాసన, పుట్టగొడుగులు. ఒకసారి మా స్నేహితురాలు వాసన చూసి "ఊళ్లో మా అమ్మమ్మ గంధపు చెక్కలు దాచిన ట్రంకుపెట్టె" అంది. ఆ రాత్రి ఎవరూ అంతకన్నా బాగా చెప్పలేదు.

ఇక నోరు. చిన్న గుక్క తీసుకుని వెంటనే మింగకండి. సాసర్‌లో వేడి టీ జుర్రినట్టు కొంచెం గాలి లోపలికి లాగండి, చప్పుడు వస్తుంది, వచ్చినా పర్లేదు. అప్పుడు షడ్రుచుల్ని ఒక్కొక్కటే వెతకండి. పులుపు దవడల పక్కన నీళ్లూరిస్తుంది, పాత వైన్‌ని బతికించేది అదే. వగరు చిగుళ్ల మీద తెలుస్తుంది. గరుకుగా ఉందా, పట్టుగుడ్డలా జారుతోందా చూడండి. చేదు చివర్లో రవ్వంత ఉంటే మంచిదే. కారం రుచిగా ఉండదు గానీ ఆల్కహాల్ వేడి గొంతులో మండితే అది ఎక్కువైనట్టు. ఉప్పు దాదాపు తెలియదు. తీపి అస్సలు లేదు; ఉన్నట్టనిపిస్తే అది ఓక్ వనిల్లా వాసన నాలుకని మోసం చేయడమే. మింగాక లోపల ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగితే తీపి ఎలా వెనకనుంచి వస్తుందో, మంచి గ్రాన్ రెసెర్వా కూడా మింగిన అర నిమిషానికి ఇంకో మాట చెబుతుంది.

చెడిపోయిందో, ఇలాగే ఉండాలో ఎలా తెలుసుకోవాలి?

తడిసి ముక్కిపోయిన అట్టపెట్టె వాసన వస్తే బెరడులోని దోషం. గాలి పట్టిస్తే ఇంకా ఎక్కువవుతుంది, పారబోయండి. గోళ్ల రంగు తుడిచే మందు వాసన, వెనిగర్ ఘాటు ఎక్కువగా ఉంటే అదీ పోయినట్టే. పశువుల కొట్టం వాసన కొంచెం వస్తే కొందరికి ఇష్టం, నాకు కాదు. రంగు పూర్తిగా గోధుమ రంగుకి తిరిగి, పండు వాసన ఏదీ లేక చప్పగా ఉంటే వయసైపోయింది.

బిర్యానీతో బాగుంటుందా? గోంగూర మటన్?

గోంగూర మటన్‌తో వద్దు. నేను చేశాను. పులుపు వైన్‌ని చప్పగా చేసింది, మిరపకారం మంటని ఆల్కహాల్ రెట్టింపు చేసింది, ఇరవై ఏళ్లు పెంచిన వాసన ఒక్క ముద్దతో మాయమైంది. ఆవకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు.

రియోహా వాళ్లు దీనితో తినేది గొర్రెపిల్ల పక్కటెముకలు. ద్రాక్షతీగల ఎండు కొమ్మల మంట మీద కాల్చి, ఉప్పు తప్ప ఏమీ వేయరు. రియోహా రాజధాని లొగ్రోన్యోలో లౌరెల్ వీధిలో వెల్లుల్లి నూనెలో వేయించిన పుట్టగొడుగులు రొట్టె మీద పేర్చి ఇస్తారు. మన దగ్గర వీటికి దగ్గరగా వచ్చేది హైదరాబాదీ పత్తర్ కా గోష్త్, మిర్చి తగ్గించి. రంజాన్ హలీం నిమ్మకాయ పిండకుండా బ్రహ్మాండం. శాకాహారులకి నెయ్యిలో మిరియాలతో వేయించిన పుట్టగొడుగులు, గట్టి పాత చీజ్. బిర్యానీ అయితే మసాలా ఘాటు కాకుండా దమ్ము వాసన ముందుండే రకం, సాలన్ పక్కన పెట్టేసి.

శాకాహారులు తాగొచ్చా?

అడగాల్సిన ప్రశ్నే. పాత పద్ధతి రియోహాలో వైన్‌ని తేటపరచడానికి గుడ్డు తెల్లసొన వాడతారు. అది వగరుని పట్టుకుని అడుగుకి దిగిపోతుంది, వైన్‌లో మిగలదు. అయినా పట్టింపు ఉన్నవాళ్లు సీసా మీద 'వేగన్' అని ఉన్నది చూసుకోవాలి.

ఐసు, కోలా కలపొచ్చా?

నవ్వకండి, స్పెయిన్‌లోనే బాస్క్ ప్రాంతపు కుర్రాళ్లు ఎర్ర వైన్‌లో కోలా కలిపి 'కలిమోచో' అని తాగుతారు. బాగుంటుంది కూడా, పండగ రోజుల్లో. కానీ దానికి వాడేది అన్నిటికన్నా చౌక వైన్. జూన్ 29 పండగకి రియోహాలోని ఆరో ఊళ్లో జనం కొండెక్కి ఒకరి మీద ఒకరు బకెట్లతో పోసుకునేదీ అలాంటిదే.

మొదటిసారి ఏది కొనాలి, ఎంత అవుతుంది?

స్పెయిన్‌లో దుకాణంలో మంచి క్రియాన్సా 10 యూరోల చుట్టుపక్కల, గ్రాన్ రెసెర్వా 25–30 నుంచి మొదలు. ఇంత పెంచిన వైన్ ఈ ధరకి ఫ్రాన్స్‌లో దొరకడం కష్టం. ఇండియాలో దిగుమతి వైన్ మీద ఏళ్లపాటు 150 శాతం సుంకం, దానిపైన రాష్ట్రాల పన్నులు, కాబట్టి అదే సీసా చాలా రెట్లు పలుకుతుంది. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు తలా రెండు లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే రెండు సీసాలు.

పేర్లు అడిగితే: ముందు లా రియోహా ఆల్తా వాళ్ల 'విన్యా ఆర్దాన్సా' రెసెర్వా. నచ్చితే ముగా వాళ్ల 'ప్రాదో ఎనేయా', కూనే 'ఇంపీరియల్' గ్రాన్ రెసెర్వా. ఈ ఇంపీరియల్ 2004 పంటని 2013లో అమెరికా పత్రిక 'వైన్ స్పెక్టేటర్' ఆ ఏటి మేటి వైన్‌గా ఎంచింది, ఆ తర్వాత ధరా పెరిగింది.

రోజూ ఒక గ్లాసు గుండెకి మంచిదట కదా?

ఆ మాట మీద ఆధారపడి మొదలుపెట్టకండి. ఏ మోతాదూ సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. 13.5 శాతం వైన్ 150 మిల్లీలీటర్లలో సుమారు 16 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ని అడగాలి, తాగినవాళ్లు బండి తీయకూడదు, 21 ఏళ్లు నిండనివాళ్లకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకోదు. నేను రుచి కోసం తాగుతాను, నెలకి ఒకటి రెండుసార్లు, నలుగురితో.

సీసాలో సగం మిగిలితే?

బెరడు బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే పూర్తిచేయండి. కుర్ర వైన్ మూడు రోజులు ఆగుతుంది, ముసలిది ఆగదు.

అడుగున మిగిలిన మడ్డి తాగొచ్చా?

హాని లేదు. ఇసుకలా తగులుతుంది, చేదుగా ఉంటుంది. నేను కరివేపాకు కుండీలో పోస్తాను. ఇప్పటికైతే చెట్టు బతికే ఉంది.